పంతొమ్మిదో గొట్టం

మూడోసారి కూడా చుక్కలు వెలిగాయి.

మనిషి నెత్తుటిలోని తెల్లకణాలను పగలగొట్టి, సారం తీసి, కంటికి ఆనని ఇరవై వేల చుక్కలుగా విడదీస్తే, హెచ్‌ఐవి జాడ ఉన్న చుక్కలు మాత్రమే తెర మీద వెలుగుతాయి. వెలిగినవాటిని బట్టి పది లక్షల కణాల్లో ఎన్నింటికి సోకిందో తేల్చడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదో గొట్టానికి ఆమె కోరుకున్నది సున్నా.

తెర మీద నాలుగు వందల పన్నెండు చుక్కలు వెలుగుతున్నాయి.

గొట్టాల మీద అంకెలే ఉంటాయి, పేర్లుండవు. పేరు తెలిస్తే కన్ను ఆశపడుతుందని, ఆశపడ్డ కన్ను తప్పు చూస్తుందని ఆ ప్రయోగశాల నియమం. ఏ అంకె ఎవరిదో రాసిన పుస్తకం మాత్రం ఆమె సొరుగులో ఉంటుంది. తెలియకుండా ఉండే అదృష్టం ఆమె ఒక్కతెకే లేదు. పంతొమ్మిదో గొట్టం మనిషికి పదేళ్ళుగా, ఒక్క విడత కూడా తప్పకుండా, సున్నాయే వచ్చింది.

మొన్న చూసినప్పుడు తన చేతినే అనుమానించింది. తొడుగులు మార్చి, బల్ల తుడిచి, కొత్త రసాయనాల సీసాలు విప్పి మొదటి నుంచి చేసింది. నిన్న మళ్ళీ వెలిగాయి. పక్కన ఉత్త నీళ్ళు పోసిన గొట్టం నిక్షేపంగా, చీకటిగా ఉంది. రక్తమే తారుమారైందేమోనని ఇవాళ ఫ్రిజ్‌లో దాచిన రెండో సీసా తీసింది.

“యంత్రానికి నీమీద పగేమీ లేదమ్మాయ్,” అంది యంత్రం దగ్గర కూర్చునే పెద్దావిడ. అక్కడ అందరికీ ఆవిడ పిన్నిగారు. “ఇంకో పదిసార్లు తిప్పినా ఆ మాటే చెబుతుంది. ఇంకా మందు మొదలెట్టని ఒళ్ళు ఇది. ఆ వెలుగు చూస్తే తెలియడం లేదూ?”

“తనకి ఇంకా తెలియదు పిన్నిగారూ.”

“అయితే తొందరగా తెలియాలి. రోజుకో మాత్ర వేసుకుని ముసలివాళ్ళవుతున్నవాళ్ళు ఎంతమంది లేరు? డాక్టరుగారి చెవిన వెయ్యి, ఆయన చెబుతారు.”

“ఆయనకి రేపు చెబుతాను. ముందు నేను చెప్పాలి.”

“నువ్వా? గొట్టాలతో తప్ప మనుషులతో మాట్లాడడం ఎప్పుడు నేర్చుకున్నావే?”

ఆమె నవ్వబోయింది. పెదవులు మాట వినలేదు.

ఫోను మోగింది. భర్త.

“ఇవాళ కూడా ఆలస్యమేనా?”

“ఒక లెక్క తేలక ఆగాను. తేలింది.”

“బతికించావు. ఎవరిదో గానీ, ఆ లెక్క పుణ్యమా అని రెండు రోజులుగా నా వంట నేనే తింటున్నాను. పగవాడికి కూడా వద్దు ఆ శిక్ష. గొంతేమిటి అలా ఉంది?”

“ఏం లేదు. అలసట. గంటలో వస్తాను.”

ఫోను పెట్టేసి చాలాసేపు చేతులు కడుక్కుంది. ఎవరి చెవినా పడకుండా దాచెయ్యడానికి పుస్తకంలో ఇంకో సున్నా చాలు. కానీ మందు అందని ఒక్కో రోజూ ఆ ఒంట్లో ఎన్ని కణాలను మింగుతుందో ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? చెప్పి తీరాలి. ముందు చెప్పాలా, అడగాలా అన్నదే ఇంకా తోచడం లేదు.

“రాసెయ్యి,” అంది పిన్నిగారు, సంచీ భుజాన వేసుకుంటూ. “రాయనంత మాత్రాన మారుతుందా?”

ఆమె పుస్తకం తెరిచింది. పదేళ్ళ సున్నాల కింద నాలుగు వందల పన్నెండు అని రాసింది.

పంతొమ్మిదో గొట్టంలోది రోగి రక్తం కాదు. రోగుల లెక్కను సరిచూసుకోవడానికి జబ్బు లేని మనిషి నెత్తురు ఒకటి కావాలని ఆమె అడిగిన నాటి నుంచి, ప్రతి విడతకూ నవ్వుతూ చెయ్యి చాపుతున్న ఆమె భర్తది.