మొదట చూసినవారు

హింసాత్మక మరణాల సర్వేలో ఈ ఏడాది మరికొన్ని రాష్ట్రాలు చేరాయి. హుస్సేనీ ఆలం గల్లీలో షట్టర్లన్నీ దిగినా, నుజహత్ సర్వే ఆఫీసులో ఒక్కతే కూర్చుని ఫారాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తోంది. ఒడిశాలో కత్తిపోటు. అస్సాంలో తుపాకీ తూటా. 'శవాన్ని మొదట చూసినవారు' అన్నచోట మాత్రం అన్నిటిలోనూ ఒకటే వేలిముద్ర, మధ్యలో అడ్డంగా గాటుతో.

వాచ్‌మన్ కైలాసం చాయ్ తెచ్చాడు. కప్పు పెట్టి చెయ్యి తీస్తుంటే, బొటనవేలి మీద అదే గాటు.

"బాపూ, ఎప్పుడన్న ఒడిశా పోయినవా?"

"మలక్‌పేట దాటి ఎన్నడు పోలే బిడ్డా. ఇంకెన్ని ఉన్నయి?"

"ఒక్కటే."

ఆఖరి ఫారంలో చిరునామా ఈ ఆఫీసుదే. తేదీ ఇవాళ్టిది. చనిపోయినవారి పేరు ఖాళీగా ఉంది. వేలిముద్ర సిరా ఇంకా ఆరలేదు.

కైలాసం తలుపు దగ్గరగా వేసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, అయ్యేదాక నేను ఈడనే ఉంట."