అజంతా చద్దర్

గంగాధర్ శేటు లాంటి పిసినారి షోలాపూర్ మొత్తంలో ఇంకొకడు ఉండడని, అతని దుప్పట్ల కారఖానాలో నేతకు బొమ్మలు గీసే పెంటప్పకు అజంతా గుహ గుమ్మంలో మరోసారి రుజువైంది. లోపల లైటు వేయాలంటే వేరే టికెట్టు తీసుకోవాలట. శేటు తీసుకోలేదు.

"పైసలు వెట్టి గోడలు సూసుడేందిరా? ఎవరన్న టికెట్టు కొన్నోళ్లు వస్తరు. వాళ్ల ఎన్కనే దూరుదాం."

"బొమ్మ గియ్యాల్నంటే ఎలుగు గావాలె గద మాలక్."

"నీకు జాగ గావాల్నా వద్దా?"

అజంతా బొమ్మను చద్దర్ దుప్పటి మీదికి దించితే షోలాపూర్ అశోక్ చౌక్ దగ్గర గుంటన్నర ఖాళీ జాగా రాసిస్తానని శేటు మాటిచ్చాడు. కొంతం చౌక్ వెనక అద్దె ఖోలీలో పెళ్లాం పిల్లలతో కాళ్లు ముడుచుకుని పడుకునే పెంటప్పకు ఆ మాటే బంగారం.

కాసేపటికి ఓ గుంపు వచ్చింది. లైటు వెలిగింది. గోడ మీద తామరపువ్వు పట్టుకున్న బోధిసత్వుడు. నెత్తిన కిరీటం. తల కొంచెం వంచి, కళ్లు కిందికి దించి, లోకంలోని ఏడుపంతా తానొక్కడే విన్నట్టు నిలబడి ఉన్నాడు. పెంటప్పకు ఒళ్లు జలదరించింది. శేటు మాత్రం దుకాణంలో గుడ్డ కొలిచినట్టు దేవుడి మొహం మీదికి జాన చాపాడు.

"అహో, హాత్ లావూ నకా!" ముట్టుకోవద్దని కాపలావాడు కసిరాడు. "బుద్ధుడి గుహ ఇది, మీ దుకాణం కాదు" అని మరాఠీలో ఇంకో నాలుగు తగిలించాడు.

శేటు చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. సిగ్గు మాత్రం పడలేదు. "పెంటప్పా, ఈ కిరీటానికి ఎన్ని అట్టలు పడ్తయిరా?"

ఏ మహానుభావుడో వందల ఏళ్ల కింద ప్రాణం పెట్టి వేసిన బొమ్మ. శేటుకు అందులో కనపడింది మగ్గం మీద బొమ్మ దించే జకార్డు అట్టల ఖర్చు. గుంపు వెళ్లిపోతే చీకటి, ఇంకో గుంపు వస్తే వెలుగు. పెంటప్ప ఆ అడుక్కున్న వెలుగులోనే సాయంత్రం దాకా గళ్ల కాగితం మీద గీశాడు.

ఆ గీతల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి, జకార్డుకు ఎక్కించి, మొదటి చద్దర్ దించేసరికి ఎండలు ముదిరాయి. జోడ్‌భావి పేట్‌లోని కారఖానా ముందు అరుగు మీద శేటు దాన్ని పరిచాడు. పక్కిళ్ల ఆడవాళ్లు ఒళ్లోని బీడీల చాటలు దించి మూగారు. అందరికన్నా ముందు శేటు తల్లి యల్లమ్మ. ఆదివారం పొద్దున దేవుడి సీరియల్ వస్తే టీవీకే కొబ్బరికాయ కొట్టిన మనిషి.

ఆమె వంగి చూసి రెండు చెంపలూ వాయించుకుంది. "చేతిల పద్మం! నెత్తిన కిరీటం! ఓరి నాయనో, మన భావనారుషి గాదుర! తామర నారతోని దేవుళ్లకు బట్ట నేసిచ్చిన మన పద్మశాలోళ్ల మూలపురుషుడు!"

"ఔ గదనే అవ్వా!" అని ఆడవాళ్లంతా లెంపలు వేసుకున్నారు. ఒకామె కుంకుమ భరిణె పట్టుకొచ్చింది.

"బొట్టు వెట్టకే, మాల్ ఖరాబైతది!" శేటు మొత్తుకున్నాడు. "గది కప్పుకునే చద్దరే అవ్వా!"

"దేవుణ్ని కాళ్ల మీద కప్పుకుంటార్ర? కండ్లు పోతయ్!"

శేటు పెంటప్ప మీద విరుచుకుపడ్డాడు. "కప్పుకోరాని చద్దర్ నేసి నా నెత్తిన రుద్దుతవారా? జాగ లేదు, గీగ లేదు. నడువ్!"

ఈయన భావనారుషి కాడని పెంటప్పకు తెలుసు. అయితే కప్పుకోవడానికి పనికిరాని బొమ్మ గోడకు తగిలించుకోవడానికి పనికొస్తుంది. దేవుడైతే ఇంకా బాగా అమ్ముడుపోతాడు. నిజాన్ని గుటుక్కున మింగేశాడు.

"మాలక్, అవ్వ జెప్పింది ఖరేనే. ఈయన భావనారుషే. గుహల పూజారే జెప్పిండు. కప్పుకోకుంటే ఏంది, పటం లెక్క గోడకు ఏసుకుంటరు. షోలాపూర్ల మనోళ్ల ఇండ్లు ఎన్నున్నయ్? ఇంటికొకటి!"

గుహలో పూజారి లేడని శేటుకూ తెలుసు. ఇంటికొకటి అన్న మాట విన్నాక పూజారి ఉంటేనేం, లేకుంటేనేం?

"మనోళ్లు మొక్కే మార్కండేయుని మీద ఆనపెట్టు."

"ఆన!"

"గట్లయితే నీ జాగ నీకు పక్కా," అన్నాడు శేటు నవ్వుతూ.

యల్లమ్మ కొంగు నడుముకు బిగించింది. "అమ్ముతవార? కులదేవుణ్ని బజార్ల వెట్టి అమ్ముతవా? పెంటప్ప ఆనవెట్టి జెప్పినంక గూడ? గుడి గట్టుర! పేటంత నీ పేరు జెప్పుకుంటది."

ఆడవాళ్లు జై కొట్టారు. దారిన పోయేవాళ్లు ఆగారు. పద్మశాలి సంఘం పెద్దమనిషి ఒకాయన సైకిల్ దిగి, గుడి కట్టే ఇట్లాంటి దాత మన సంఘానికి అధ్యక్షుడు కావాలని అక్కడికక్కడే ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని శేటు, ఆ మాటకు ఛాతీ విరుచుకున్నాడు.

"గుడికి జాగ నేనిస్త!"

అందరికన్నా గట్టిగా పెంటప్పే జై కొట్టాడు. శేటు అతని భుజం చుట్టూ చెయ్యి వేసి, తొలి హారతి వీడిదేనని ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు.

"గుడి ఏ జాగల మాలక్?" అన్నాడు పెంటప్ప, ఇంకా చప్పట్లు కొడుతూనే.

"నాకు ఖాళీ జాగ ఇంకేడున్నదిర? అశోక్ చౌక్ కాడ నీకిస్తనన్న గుంటన్నరే."