డంబ్ అంటే ఏంది?

ఇటు రా బిడ్డా, నా ఎదురుగా కూర్చో. పక్కన కూర్చుంటే కథ సగమే అందుతుంది.

హెడ్మాస్టరు అప్పటికే తల అడ్డంగా ఊపేశాడు. "ఈ పిల్ల డంబ్ అమ్మా. బడిల చేర్చుకోరాదు" అన్నాడు. డెబ్బై నాలుగో సంవత్సరం, జహీరాబాద్‌లో బడులు తెరిచిన రోజులు. ఆయన ముందు బస్వమ్మ, ఆమె కొంగు పట్టుకుని కూతురు నాగవ్వ. పుట్టు మూగ. చెవులు మాత్రం పాము చెవులు.

బస్వమ్మకు ఇంగ్లీషు రాదు. ఆమెకు తెలిసిందల్లా డంబాలు పలకడం, అంటే గొప్పలు చెప్పుకోవడం అనే మాటే.

"దీని నోట్లకెళ్లి ఒక్క మాట రాదు సారూ. డంబాలెట్ల పలుకుతది?"

పక్కనున్న సుగుణమ్మ టీచరుకు నవ్వు ఆగలేదు. డంబ్ అంటే మూగ అని విడమరిచి చెప్పింది. మూగదైతే చదువెందుకు రాదని బస్వమ్మ అడిగింది. ఇంగ్లీషులో ఆ మాటకు మొద్దు అనే అర్థం కూడా ఉందన్నాడు హెడ్మాస్టరు.

సుగుణమ్మ మెల్లగా అందుకుంది. "మొదట మూగ అనే అర్థమే ఉండె సార్. మొద్దు అనేది తర్వాత అంటుకున్నది. మూగోళ్ళ మాట సమజ్ కానోళ్ళే అంటించిన్రేమో."

 హెడ్మాస్టరు చివరికి దిగివచ్చాడు. దసరా సెలవుల దాకా కూర్చోనిస్తాడట. ఆలోగా అందరు పిల్లల్లాగే లేచి నిలబడి ఒక కథ చెప్పాలట. చెప్పలేకపోతే ఇంటికే.

కథ చెప్పాల్సిన రోజు బస్వమ్మ కిటికీ బయట నిలబడింది.

నాగవ్వ లేచింది. చూడు మరి, పిడికిళ్ళు సైకిలు హ్యాండిల్ అయ్యాయి, మోకాళ్ళు పెడల్ తొక్కాయి. వెనక నుంచి బొంబాయి రోడ్డు లారీ. సైకిలు పోయి అల్లం చేనులో పడింది. పడ్డాయన లేచి ధోవతి దులుపుకున్నాడు, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు, మళ్ళీ దర్జాగా మెడ నిక్కించాడు. ఆ మెడ ఎవరిదో తరగతి మొత్తానికీ తెలిసిపోయింది. పిల్లలు పడి పడి నవ్వారు.

హెడ్మాస్టరు ముఖం ఎర్రబడింది. 

ఎక్కడ చూశావని ఆయన గద్దించాడు. అప్పుడు ఆ చేనులోనే కలుపు తీస్తున్నానని నాగవ్వ వేళ్ళు చెప్పాయి. ఆయనకు ఇట్టే అర్థమైంది. అర్థమైనందుకే నవ్వొచ్చింది.

"పేరు రాసుకో టీచరమ్మా. ఇది మూగది గాదు, వాగుడుకాయ."

ఇది మరిచిపోకు బిడ్డా. రేపు నీ పిల్లలకు కూడా చెప్పు.

నేను చెప్పినట్టే, చేతులతో.