అవతలి గట్టు

"మళ్లీ సగంలోనే ఆగారు! అది ఈత కాదు బాబాయ్, నీళ్లతో కొట్లాట," కోచ్ నవ్వింది.

రిటైరైన బస్సు డ్రైవర్ ఈతకొలను పక్క గట్టు పట్టుకుని రొప్పుతున్నాడు.

"వేగంగా వెళ్లాలి కదమ్మా!"

"ఎవరు తరుముతున్నారు? నీళ్లలో ఊపిరి వదులుతూ, చేతులు బాగా చాచి, నెమ్మదిగా రండి."

ఈసారి ఆయన అవతలి గట్టు చేరాడు. అలుపు కూడా రాలేదు.

"చూశారా, ఎంత తేలికో!" కోచ్ చప్పట్లు కొట్టింది.

ఆయన గట్టుకి నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"అయ్యో, ఏమైంది బాబాయ్?"

"ఆ రోజు ఏట్లో మునిగిపోతూ మా అమ్మాయి ఇంతే దూరంలో ఉందమ్మా. బలమంతా పెట్టి ఈదాను, సగంలోనే అలిసిపోయాను. దాన్ని చేరడం నా వల్ల అయ్యే పని కాదని చెప్పుకునే ఇన్నాళ్లూ బతికాను."