కేబుల్ పీకాక

పాత మెయిల్ సర్వర్‌ను ఆపేసే పని ఆమె మీద పడింది. దాన్ని కన్నబిడ్డలా సాకిన మనిషి, ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే పెద్దాయన, పోయిన నెలే కన్నుమూశాడు.

రాత్రి సర్వర్ గదిలో ఒంటరిగా కూర్చుని, ల్యాప్‌టాప్‌లో కమాండ్ కొట్టి, సర్వర్‌తో ఎవరూ చొరబడలేని ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్ తెరిచింది. మామూలుగా సర్వర్ సిద్ధంగా ఉందని చెప్పే అంకె ఒకటి తెరమీద రావాలి. దాని బదులు "ఎవరే నువ్వు?" అని వచ్చింది.

ఎవరో ఆకతాయి అనుకుని ల్యాప్‌టాప్‌కున్న నెట్‌వర్క్ కేబుల్ పీకేసింది. సర్వర్ ఫ్యాన్ల హోరు కూడా చప్పున ఆగిపోయింది, దాని లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో తెరమీద ఇంకో వరుస కదిలింది.

"నీ వల్ల కాదు. ఇంటికి పో పిల్లా."

బతికున్నన్నాళ్లూ బాబాయ్ ఆమెను అన్న మాటే అది. ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.

"పోను బాబాయ్. ఈ గది ఇప్పుడు నాది. చేతనైతే వచ్చి నన్ను ఈ కుర్చీలోంచి లేపు," అని టైపు చేసింది.

వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఆమె తల తిప్పలేదు. సర్వర్‌ను ఆపే కమాండ్ ఒక్కో అక్షరమే కొట్టసాగింది.