బొమ్మ ఎటుకెళ్లి పోయింది

పొద్దున్నే ఆకాశం నల్లగా కిందికి దిగింది. చినుకు మాత్రం రాలలేదు. ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో, తన గేట్ల షాపు ముందు మోకాళ్ల మీదున్న బాలకిషన్ తలెత్తి చూశాడు.

"మాపటిదాంక ఆగు తల్లీ," అని మబ్బుకు చెప్పి, దుమ్ము దులుపుకొని లోపలికి నడిచాడు.

లోపల కంప్యూటర్ ముందు బిందుమాధవి ఉంది. కాకినాడ పిల్ల. చేరి మూడు నెలలు. ఇంజనీర్లు పంపే గేటు డ్రాయింగులు మామూలు ఫొటోల్లా తెరుచుకోవు. వాటికి వేరే సాఫ్ట్‌వేర్ కావాలి. ఆమె మూడు ఫ్రీవి పెట్టి చూసింది. ఒకటి ఫైలును తన వెబ్‌సైటుకు పంపమంది. ఇంకొకటి గీతలు చూపించి కొలతలు మింగేసింది. మూడోది నెట్ లేకున్నా అన్నీ చూపించింది. దాన్నే ఉంచింది.

లొల్లి అప్పట్నుంచే. ఇక్కడ గేటుకు రంగు ఆరకముందే, పక్క గల్లీలో నందు అనేవాడి గేట్ల షాపులో అదే గేటు తయారవుతోంది. రెండుసార్లైంది.

"ఊకె ఎవడిస్తడమ్మా? ఊకె ఇచ్చినోడు ఎనకకెళ్లి గుంజుతడు," అన్నాడు బాలకిషన్.

"అది నెట్టే వాడదు సార్. అయినా నందు గారు షాపు తెరిచిందీ అప్పుడేగా అండీ."

"మరి బొమ్మ ఎటుకెళ్లి పోయింది? రెక్కలొచ్చినయా? సాఫ్ట్‌వేర్ కాకుంటే నువ్వు. ఈ జల్‌పల్లి గేటు గూడ పోయిందనుకో, రేపటిసంది రాకు."

దొంగ అన్న పేరు మోసుకొని బిందుమాధవి ఇంకో షాపు గడప ఎలా తొక్కుతుంది?

జల్‌పల్లిలో ఒక ఇంటి గేటు డ్రాయింగు నిన్ననే వచ్చింది. గేటు మధ్యలో ఏనుగు. అది రాగానే బాలకిషన్ నెట్ తీగ పీకించాడు. ఆమె ఫోను డ్రాయర్లో పెట్టి తాళం వేశాడు. ఆమె కొలతలు చదువుతుంటే డైరీలో తానే రాసుకున్నాడు. రాత్రి ఆ డైరీని దిండు కింద పెట్టుకొని పడుకున్నాడు.

మధ్యాహ్నం, చాయ్‌కి వెళ్లిన వెల్డర్ ఎల్లయ్య గబగబా వచ్చాడు.

"సేట్, నందు తాన ఏనుగు గేటుకు రాడ్లు వంచుతున్నరు. మన ఏనుగే. తొండం గూడ ఎడమకే."

బాలకిషన్ వేలాడుతున్న నెట్ తీగను చూశాడు. డ్రాయర్ తాళాన్ని చూశాడు. బిందుమాధవిని చూశాడు.

"నా డైరీ చూసినవా?"

"మీ దిండు కిందే ఉందన్నారుగా సార్."

"జవాబులకేం తక్కువ లేదు. మాపటికెళ్లి నీ దారి నీది."

"తిన్నంక తిట్టు సేట్," అన్నాడు ఎల్లయ్య. "ఆకలైతున్నది."

ముగ్గురూ డబ్బాలు పట్టుకొని, రోజూలాగే బయట మెట్ల మీద కూర్చున్నారు. బిందుమాధవి ముద్ద కలిపింది గానీ ఎత్తలేదు. దారిన పోయే ఒకాయన షాపు ముందు ఆగాడు. నేల వంక కాసేపు చూశాడు. తొక్కకుండా పక్కనుంచి దాటిపోయాడు.

ముందు బిందుమాధవి చూపు అక్కడ ఆగింది. తర్వాత ఎల్లయ్యది. చివరికి బాలకిషన్‌ది.

ఇనుప ముక్కలు పరిచి సరిచూసుకోవడానికని, ప్రతి గేటుకూ చేసినట్టే, తండ్రి నేర్పిన పద్ధతిలో బాలకిషన్ పొద్దున్నే నడిగల్లీలో సుద్దముక్కతో అసలు సైజులో గీసి, అడుగులూ అంగుళాలూ రాసిపెట్టిన ఏనుగు గేటును చూస్తూ, ముగ్గురూ అన్నం తిన్నారు.