ఎముక పిన్నులు

"ఇవి ఎముక పిన్నులైతే నా పేరు రచనే కాదు గఫూర్ గారూ!"

గిటారును ఆ అమ్మాయి కౌంటరు మీద పెట్టిన తీరుకి, తబలా తోలు మార్పించుకోవడానికొచ్చిన పెద్దమనుషులిద్దరూ తలలెత్తి చూశారు. గుంటూరు బ్రాడీపేటలోని 'హయాత్ మ్యూజికల్స్'లో ఇంతవరకు ఎవరూ గొంతు పెంచలేదు. తీగ వాయిద్యం ఏదైనా గఫూర్ చేతిలో పడితే బాగుపడాల్సిందే. ఆ సంగతి ఊళ్లోవాళ్లు చెప్పక్కర్లేదు, ఆయనే చెప్పుకుంటాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు గఫూర్, చేతిలో పని ఆపకుండానే.

"మీరు వేసిచ్చిన రోజు ఖంగుమంది. అది కొత్త తీగల మహిమ! పది రోజులు తిరిగేసరికి అసలు రంగు బయటపడింది. మీటితే శబ్దం అక్కడే చతికిలబడుతోంది. ఎముకవని చెప్పి ప్లాస్టిక్‌వి వేశారు మీరు."

గఫూర్ నవ్వాడు. ఆ నవ్వుకి రచనకి ఇంకా ఒళ్లు మండింది.

"చూడమ్మా, తీగ చివరని చెక్కలో గట్టిగా పట్టి ఉంచేది ఈ ఆరు పిన్నులే. ప్లాస్టిక్ అయితే తీగ ఊపుని సగం అదే మింగేస్తుంది. ఇత్తడి పెడితే అరుస్తుంది. చేవ కర్రవి తియ్యగా పలుకుతాయి. ఎముక దారే వేరు. బాగా ఎండిన మిరపకాయ చెవి దగ్గర ఆడించు, గింజల చప్పుడు ఎంత స్పష్టంగా వినిపిస్తుంది? అదీ ఎముకంటే! మంచి గేదె ఎముక తెప్పించి, ఉడకబెట్టి, నెల్లాళ్లు ఆరబెట్టి, ఒక్కోటీ ఆకురాయితో అరగదీశాను."

గేదె మాట వినగానే, రచన వెంట వచ్చిన బామ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ బాలత్రిపురసుందరి గారు, వీణ టీచరు.

"పోనిద్దూ రచనా," అన్నారావిడ. "ప్లాస్టిక్ అయితే మాత్రం ఏం పోయింది? శుభ్రంగా ఉన్నాయి. ఇంటికి పోదాం పద."

"నువ్వుండు బామ్మా! శనివారం పోటీ పెట్టుకుని ఈ మూగ గిటారుతో స్టేజీ ఎక్కమంటావా?"

గఫూర్ చేతిలో పని పక్కన పెట్టాడు. ఈసారి నవ్వలేదు.

"అమ్మా, బయటున్నది మా నాన్న పేరు మీదున్న బోర్డు. దాని కింద కూర్చుని నేను దొంగ సరుకు అమ్మను. సూది కాల్చి గుచ్చితే ప్లాస్టిక్ కరుగుతుంది, ఎముక కరగదు. కరిగిందనుకో, నీ ఎదుటే ఆ బోర్డు దించేస్తా. ఈ ఊళ్లో మళ్లీ గిటారు ముట్టను. కరక్కపోతే?"

"అందరి ముందూ క్షమాపణ చెప్తాను."

"అయితే రెడీగా ఉండు. అయ్యా, మీరిద్దరూ సాక్షులు!"

"ఇంతోటి దానికి సూదులూ నిప్పులూ ఎందుకు నాయనా?" అన్నారు బామ్మ. ఎవరూ వినిపించుకోలేదు.

గఫూర్ తీగ వదులు చేసి ఒక పిన్ను పైకి లాగాడు. దానివంక కన్నెత్తి కూడా చూడలేదు. తను చేసిన వస్తువుని తనే పరీక్షగా చూసుకోవడమేమిటి! కొవ్వొత్తి వెలిగించి, పట్టకారుతో సూది కాల్చి, ఆ పట్టకారు రచనకే అందించాడు.

"నువ్వే గుచ్చు. రేపు గఫూర్ చెయ్యి తిప్పాడని అనకూడదు."

రచన గుచ్చింది. చుయ్‌మంటూ సూది సగం దాకా దిగిపోయింది. ప్లాస్టిక్ కాలిన కంపు దుకాణమంతా నిండింది.

గఫూర్ గబగబా రెండో పిన్ను లాగి తనే గుచ్చాడు. కరిగింది. మూడోదీ కరిగింది.

"ఇవి... ఇవి నేను వేసినవి కాదు," అన్నాడు. ఆ మాట ఆయన చెవులకే నీళ్లు నమిలినట్టు వినిపించింది.

"నువ్వు కూడానా గఫూర్?" అన్నాడు తబలా పెద్దమనుషుల్లో ఒకాయన.

తిట్టినా అంత బాధపడేవాడు కాదు గఫూర్. స్టూలు లాక్కుని బయటికెళ్లి, ఎక్కి, బోర్డు కట్టిన తీగ విప్పడం మొదలుపెట్టాడు. గెలిచానన్న సంతోషం రచనకి కాస్తయినా కలగలేదు. పరుగున వెళ్లింది.

"వద్దండీ, దిగండి. నాకు మంచి పిన్నులు వేసిస్తే చాలు."

"మాటన్నాను కదమ్మా. నిలబెట్టుకోవాల్సిందే."

"అబ్బాయ్! చెయ్యి దించు!"

క్లాసులో పిల్లల్ని అదిలించినట్టే అదిలించారు బామ్మ. గఫూర్ చెయ్యి ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"నీ తప్పేం లేదు. నువ్వు వేసినవి తీసేసింది నేను. నువ్వు కవర్లో పెట్టిచ్చిన పాత ప్లాస్టిక్‌వి మళ్లీ బిగించిందీ నేనే. వీణ తీగలు సవరించుకునే చేతులకి ఇదో పనా?"

"బామ్మా!" అని అరిచింది రచన.

గఫూర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. స్టూలు మీద నుంచే, సాక్షులకి వినపడేలా గొంతు పెంచి అడిగాడు.

"నే చెప్పలా! గఫూర్ మాటంటే మాటే! ఇంతకీ నా ఎముకవి ఏవండీ పెద్దమ్మగారూ? పట్టుకురండి, అయిదు నిమిషాల్లో బిగిస్తా."

"ఎక్కడినుంచి తేను నాయనా? ఎముకలు ఇంట్లో పెట్టుకోవచ్చా?" అన్నారు బామ్మ, కళ్లు ఒత్తుకుంటూ. "గోత్రం తెలియనివాళ్లకి కాశ్యప గోత్రం చెప్పమంటారుగా, మొన్న అమావాస్యకి అమరావతిలో పంతులుగారికి అదే చెప్పి, పాపం ఆ గేదెని శాస్త్రోక్తంగా కృష్ణలో కలిపేసి వచ్చాను!"